పెంగరాంగ్ దారిలో ఎంక్వైరీ

పెళ్ళికొడుకును చూడడానికి నేను హెల్మెట్ పెట్టుకుని వెళ్ళాను. నేనెవరో అతనికి తెలియదు. వెళ్తున్నట్టు మా నాన్నకు కూడా చెప్పలేదు.

అవి మనవాళ్ళను సాఫ్ట్‌వేర్ కంపెనీలు విమానాల నిండా తెచ్చి సింగపూర్‌లో దింపుతున్న రోజులు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోయి కూర్చుంటాయని ప్రపంచమంతా భయపడింది. ఆ భయం పుణ్యమా అని నాకు ఒక బ్యాంకులో ఉద్యోగం దొరికింది. పాసిర్ రిస్‌లో మరో ఇద్దరమ్మాయిలతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేదాన్ని. శని ఆదివారాలు వాళ్ళు షాపింగ్‌కు వెళ్ళేవాళ్ళు. నాకు ఆ తిరుగుడు పడదు. ఒక పాత సైకిలు కొనుక్కున్నాను. మొదట సముద్రం ఒడ్డు పార్కులో తొక్కాను, తర్వాత ఛాంగీ దాకా. ఆ తర్వాత వెనక క్యారియర్‌కు రెండు వైపులా సంచులు కట్టుకుని, బోటెక్కి సముద్రం దాటి, మలేషియా రోడ్ల మీద రోజంతా తొక్కి, ఏ చిన్న హోటల్లోనో పడుకుని మర్నాడు తిరిగొచ్చేంత దాకా వెళ్ళింది ఆ పిచ్చి.

అలాంటప్పుడు నాన్న ఫోన్‌లో ఒక సంబంధం చదివి వినిపించాడు. అబ్బాయి సింగపూర్‌లోనే, చోవా చూ కాంగ్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్. హాబీ దగ్గర సైక్లింగ్ అని రాశారు. "వాళ్ళకు నీ ఫోటో నచ్చిందమ్మా. త్వరగా ఏ సంగతీ చెప్పమంటున్నారు" అన్నాడు. సైక్లింగ్ అన్న మాట వినగానే నా ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే అనుమానం వచ్చింది. నాకు సరిపోయే ముక్క అంత సరిగ్గా ఎలా వచ్చి పడింది? ఎక్కడో ఏదో తేడా ఉండాలి.

నా అనుమానం ఊరికే వచ్చింది కాదు. ఆ ఏడాదే మా బ్లాకులో ఒక తెలుగమ్మాయి పెళ్ళి చేసుకుని కొత్త సూట్‌కేసులతో దిగింది. నెల తిరక్కుండానే ఆయనకు అప్పటికే ఇక్కడ ఒక కాపురం ఉందని బయటపడింది. విదేశీ సంబంధమని ఊరంతా చెప్పుకుని మురిసిపోయిన వాళ్ళ నాన్న ఆ తర్వాత ఎవరి మొహం చూడలేకపోయాడట. మా నాన్నకు ఆ గతి పట్టడానికి వీల్లేదు. ఊళ్ళో కూర్చుని ఆయన ఎంత ఆరా తీస్తే మాత్రం ఇక్కడి సంగతులు ఏం తెలుస్తాయి? అబ్బాయి శాలరీ తెలుస్తుంది, గోత్రం తెలుస్తుంది. ఫోన్ మోగితే లేచి బయటికి వెళ్ళి మాట్లాడతాడా లేదా అన్నది తెలుస్తుందా?

నాకు సైకిలు అమ్మిన షాపు యజమాని ఒక చైనీస్ అంకుల్. సైకిళ్ళవాళ్ళ జాతకాలన్నీ ఆయన దగ్గరే ఉంటాయి. చోవా చూ కాంగ్‌లో సైకిలు తొక్కే తెలుగబ్బాయి తెలుసా అని అడిగితే, "ఆ ఇండియన్ బాయ్ నాకు తెలుసు లా. మా గ్రూపే. శనివారం పెంగరాంగ్. నువ్వూ రా" అన్నాడు, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ "లా"తో సహా. అంకుల్‌కు నా పొడుగు పేరు నోరు తిరగక అందులో ఒక ముక్క విరిచి పిలిచేవాడు. గ్రూపులో అదే నా పేరైంది. నాకు కావలసిందీ అదే.

శనివారం పొద్దున ఛాంగీ రేవుకు చేరాను. సముద్రం అవతల మలేషియా ఒడ్డున ఉన్న పెంగరాంగ్‌కు వెళ్ళే చిన్న చెక్క బోటు పన్నెండుమంది నిండితేగాని కదలదు. సైకిలును బోటులోకి దింపుతుంటే పెడల్ మోకాలి కింద ఎముకకు కొట్టింది. "ఓరి నాయనో!" అని అరిచాను.

"తెలుగా అండీ?" అని వెనకనుంచి వినిపించింది.

అతనే. నాన్న పంపిన ఫోటోలో కన్నా నల్లగా, ఇంకొంచెం బాగున్నాడు. నా ఫోటో అతని దగ్గర ఉంది కదా అని హెల్మెట్ ఇంకాస్త కిందికి లాక్కున్నాను. కానీ ఆ ఫోటోలో పట్టుచీర, పూలజడ, స్టూడియోవాడు పూసిన తెలుపు. ఇక్కడ హెల్మెట్, నల్లకళ్ళద్దాలు, చెమట. అతను కనిపెట్టలేదు.

ఇక మొదలయ్యాయి ప్రశ్నలు. మీది ఏ ఊరండీ? ఇంటిపేరేమిటి? మన తెలుగువాళ్ళు ఇద్దరు కలిస్తే ఊరు, ఇంటిపేరు, వంటింట్లో ఏం వండుతారు అన్న మూడు మెట్లూ ఎక్కేదాకా వదలరు. కులం ఏమిటని నోరు తెరిచి ఒక్కరూ అడగరు. నేను అమ్మమ్మగారి ఊరు చెప్పాను, మా అమ్మ పుట్టింటి ఇంటిపేరు చెప్పాను. అబద్ధం ఒక్కటీ లేదు. ఉండేదెక్కడ అంటే టాంపినీస్ వైపు అన్నాను. పాసిర్ రిస్ టాంపినీస్ వైపే కదా మరి.

"మీరు లాయర్ కావాల్సిందండీ, ఒక్క ప్రశ్నకీ తిన్నగా ఆన్సర్ ఇవ్వరు" అని నవ్వాడు. వీడికేమైనా అనుమానం వచ్చిందా అని నాకు అనుమానం.

ఆ రోజు అతని వెనకాలే తొక్కుతూ అతన్నే చూశాను. ఎండ మాడ్చేస్తోంది. రోడ్డుకు రెండు పక్కలా పామాయిల్ తోటలు, గాలి ఆడదు. మిగతావాళ్ళు ముందుకు పోతున్నా అతను అందరికన్నా వెనకబడ్డ వాళ్ళకోసం ఆగుతున్నాడు. దారిలో కాఫీకి ఆగినప్పుడు మిగతావాళ్ళు బీరు తాగినా అతను తెప్పించుకోలేదు. సంచిలోంచి చేగోడీల డబ్బా తీసి అందరికీ పెట్టాడు. చేగోడీలు ఎవరు చేశారు? "మా అమ్మ పంపిందండీ" అన్నాడు. మరి నిజంగా అమ్మేనా? కొరికి చూశాను. వాము, నువ్వులు, కొంచెం గట్టితనం. ఇక్కడి చేతులు చేసినవి కావు, ఊరినుంచి వచ్చినవే. అక్కడికి ఒక పరీక్ష పాసయ్యాడు.

కానీ ఫోన్ మోగింది. నెంబరు చూసుకుని తేలుకుట్టిన దొంగలా లేచి, రోడ్డుకు అవతల చెట్టు కిందకు వెళ్ళి, వీపు మాకు పెట్టి మాట్లాడాడు. చేత్తో నోరు కప్పుకుని మరీ మాట్లాడుతున్నాడు! తిరిగొచ్చి కూర్చున్నాక మొహంలో ఆ నవ్వు లేదు. పక్కనున్న కుర్రవాడు "గర్ల్‌ఫ్రెండా?" అని ఏడిపిస్తే, "అలాంటిదేం లేదు" అని మాట దాటేశాడు. అలాంటిదేం లేకపోతే చెట్టు కిందకు ఎందుకు?

ఆ తర్వాత రెండు నెలల్లో ఎన్నిసార్లు వెళ్ళినా అంతే. మనిషి బంగారం. నా సైకిలు చైను ఊడితే నూనె చేతులతో ఎక్కించి, ఆ చేతులు తన చొక్కాకు తుడుచుకున్నాడు. "మీరు ఈ ఎత్తు భలే ఎక్కారండీ, నాకే ఆయాసం వచ్చింది" అన్నాడు. అలా అనే మగవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. నచ్చాడు. దాచడం దేనికి, బాగా నచ్చాడు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే ముక్కు మీద తోలు ఊడుతోంది, అయినా నవ్వుకున్నాను. కానీ ఆ ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది. ఒకసారి దూరంనుంచి రెండు ముక్కలు చెవిన పడ్డాయి: "ఎవరితో?... కచ్చితంగా తెలుసా?" అంతే. ఎవరి గురించి? ఎవరా మనిషి? ఆ వారమంతా బ్యాంకులో కోడ్ చూస్తున్నా నా కళ్ళకు ఆ చెట్టే కనిపించింది.

అటు నాన్న తొందరపెడుతున్నాడు. "ఈ ఆదివారం ఏదో ఒక మాట చెప్పెయ్యాలమ్మా. మనకోసం వాళ్ళు ఎన్నాళ్ళని ఆగుతారు? అబ్బాయి మీద ఒక్క చెడ్డమాట లేదు" అన్నాడు. ఆదివారం సాయంత్రానికి చెప్తానన్నాను. శనివారం పెంగరాంగ్ దాటి దేశారు బీచి దాకా ప్రయాణం ఉంది, రాత్రి అక్కడే మకాం. ఆ ఫోన్ సంగతి తేల్చుకుని, తేడా లేకపోతే ఔననేద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే ఔననడానికే వెళ్ళాను.

శనివారం అవకాశం దొరకలేదు. ఆదివారం పొద్దున తిరుగుప్రయాణంలో కొబ్బరిబోండాల కొట్టు దగ్గర ఆగాం. మిగతావాళ్ళు అవతల బెంచీ మీద. అతనే నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"మిమ్మల్ని ఒక హెల్ప్ అడగొచ్చా అండీ? ఏమీ అనుకోరుగా?"

"చెప్పండి."

"నాకో సంబంధం వచ్చింది. అమ్మాయి ఇక్కడే జాబ్. పాసిర్ రిస్‌లో ఉంటుందట. మీరు ఆ సైడే కదా, ఆ అమ్మాయి గురించి కాస్త కనుక్కుని చెప్పగలరా?"

బోండాంలో స్ట్రా అలాగే ఉండిపోయింది నా నోట్లో. "ఏం కనుక్కోవాలి?" అన్నాను ఎలాగో.

"అదే అండీ... క్యారెక్టర్." గొంతు తగ్గించాడు. "వాళ్ళ బ్లాకులో మా వాడి ఫ్రెండ్ ఒకడున్నాడు. రెండు నెలలుగా వాడితో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాను. అమ్మాయి శని ఆదివారాలు ఫ్లాట్‌లోనే ఉండదట. ఎక్కడికెళ్తుందో, ఎవరితో వెళ్తుందో వాడికీ తెలియట్లేదు. ఒంటరిగా ఉండే ఆడపిల్ల కదండీ, డౌట్ రాదూ?"

నాకు పక్కున నవ్వొచ్చింది. చెట్టు కింద ఆ గుసగుసలన్నీ నా గురించేనన్నమాట! ఇంకో ఆడది లేదు, దొంగ కాపురం లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఎవరితో వెళ్తుందో తెలియదట. నీతోనే కదయ్యా మహానుభావా! కళ్ళద్దాలు తీసి నిజం చెప్పేద్దామని చెయ్యి ఎత్తాను కూడా. కానీ నా బుద్ధి నన్ను వదలదు కదా. ఇంకొక్క ప్రశ్న మిగిలిందనిపించింది.

"ఆ అమ్మాయి నాకు తెలుసండీ" అన్నాను.

"తెలుసా!"

"బాగా తెలుసు. శని ఆదివారాలు సైకిలు మీద మలేషియా వెళ్తుంది. గ్రూపులో అందరూ మగవాళ్ళే. రాత్రి హోటల్లో ఉండి మర్నాడు వస్తుంది."

అతని మొహం వాడిపోయింది. తల అడ్డంగా ఊపాడు. "అనుకుంటూనే ఉన్నానండీ. మీరు చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే ఇరుక్కుపోయేవాణ్ణి. చాలా థాంక్స్."

"అదేమిటండీ, నేనూ మీతో వస్తున్నాను కదా? రాత్రి మన హోటల్లోనే ఉన్నాను కదా?"

"అయ్యో, మీ సంగతి వేరండీ" అన్నాడు. ఎంత మంచిగా నవ్వాడో! ఆ మొహంలో కల్మషం లేదు. "మిమ్మల్ని నేను చేసుకోవట్లేదు కదా."

ఒళ్ళు మండిపోయింది. రెండు నెలలు పక్కపక్కన తొక్కాను, నేనేమిటో కళ్ళారా చూశాడు. చైను ఎక్కించాడు, మెచ్చుకున్నాడు, తన చేగోడీలు పెట్టాడు. ఆ చూసిందంతా నేను పెళ్ళికూతుర్నైతే చెల్లదట.

హెల్మెట్ తీసి, కళ్ళద్దాలు తీసి, నా పొడుగు పేరు చెప్పాను. నాన్న పేరు చెప్పాను. అసలు ఇంటిపేరు కూడా చెప్పాను.

అతను నోరు తెరుచుకుని చూశాడు. "ఫోటోలో ఇలా లేరే?" అన్నాడు. అంతకన్నా ఏమంటాడులే. నేను బోండాం అక్కడే పెట్టేసి సైకిలెక్కాను. ఎదురుగాలి కొడుతోంది, కళ్ళల్లో నీళ్ళు గాలికేనని నాకు నేను చెప్పుకున్నాను. రేవు దాకా ఎవరికోసమూ ఆగలేదు.

కానీ బోటు నిండాలి కదా! అతను వచ్చేదాకా కదలకుండా కూర్చుంది. వచ్చి ఎదురు బల్ల మీద కూర్చున్నాడు. "ముందే చెప్పాల్సిందండీ. ఇది చీటింగ్ కదా" అన్నాడు.

"మరి మీరు చేసిందో?"

"నేను ఎంక్వైరీ చేయించానండీ."

"నేను చేసిందీ అదే. మనిషిని పెట్టకుండా నేనే వచ్చాను."

సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. గొంతులో పండగే. "అమ్మాయ్, అబ్బాయివాళ్ళు ఇప్పుడే చేశారు. అబ్బాయి నిన్ను స్వయంగా చూశాడట కదా! క్యారెక్టర్‌కు తిరుగులేదు, నాది పూచీ అన్నాడట. పెళ్ళయ్యాక ఆ సైకిళ్ళు మానేస్తే చాలట. ముహూర్తం పెట్టించమంటున్నారు."

"వద్దు నాన్నా" అన్నాను.

"ఎందుకమ్మా? తాగుతాడా?"

"తాగడు."

"ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు. మంచివాడే."

"మరేమిటి లోపం?"

ఏ తండ్రికి చెప్పినా లోపమనిపించేది ఒక్కటీ లేదు అతనిలో. చివరికి కొబ్బరిబోండాల కొట్టు దగ్గర జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. మీ సంగతి వేరండీ అన్న మాట చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది.

"నువ్వు సైకిలు మీద అంతంత దూరాలు వెళ్తావని వాళ్ళకు చెప్పొద్దని సంబంధం తెచ్చిన మధ్యవర్తితో నేనే అన్నానమ్మా" అన్నాడు నాన్న.

"ఎందుకు నాన్నా?"

"ఏమనుకుంటారోనని."

ఈ ముక్క అతని మాటకన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. అతనికి నేనెవరో తెలియదు. ఈయనకు తెలుసు.

"సరే, వాళ్ళకు వద్దని చెప్పేస్తాను" అన్నాడు.

"ఎందుకని అడుగుతారు కదా?"

"అడగనీ. మా అమ్మాయి సైకిలు మీద దేశాలు తిరుగుతుంది, మానదు అని చెప్తాను. ఇకమీద ఎవరొచ్చినా ముందు అదే చెప్తాను" అన్నాడు నాన్న.