మెయిన్ స్విచ్చు ఆపిన శనివారం

అమలాపురంలో గడియార స్తంభానికి కాస్త ఇవతల ఒక డీటీపీ షాపులో నేను ఏడేళ్ళు టైపు చేశాను. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, కొబ్బరి వర్తకుల బిల్లు పుస్తకాలు, ఏవొస్తే అవి. ఉన్నది ఒక్కటే కంప్యూటరు. తొంభైల చివర కదా, దాన్ని ఆపడమంటే పెద్ద తతంగం. తెరిచిన ఫైళ్ళన్నీ సేవ్ చేసి, మూసి, ఆపమని చెప్పాలి. అది లోపల కాసేపు గరగరలాడాక నల్లటి తెర మీద నారింజ రంగు అక్షరాలు వచ్చేవి, ఇక కరెంటు తీసేయవచ్చని. అప్పుడే స్విచ్చు మీద చెయ్యి వెయ్యాలి.

షాపు యజమాని దీన్ని ఎన్నడూ నమ్మలేదు. ఫ్యానుకు లేని మర్యాద దీనికెందుకని ఆయన వాదన. ఆయన మర్యాదలు వేరే ఉన్నాయి. వీధిలో శవం వెళ్తోందంటే షట్టరు సగం దించి, గుమ్మం పక్కనున్న మెయిన్ ఆపేసి, చెప్పులు విడిచి మెట్టు మీద నిలబడేవారు. లోపల లైట్లు వెలుగుతూ, ఫ్యాను తిరుగుతూ ఉంటే పోయినవారికి అవమానమట. యూపీఎస్ బ్యాటరీ చచ్చి చాలా కాలమైంది. అందుకని ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. దూరాన డప్పు వినపడగానే నేను కంప్యూటరు ఆపడం మొదలుపెడతాను, శవం మా గుమ్మం ముందుకొచ్చేసరికి నారింజ అక్షరాలు వస్తాయి, ఆయన మెయిన్ ఆపుతారు. రెండేళ్ళు ఈ పద్ధతి బాగానే నడిచింది.

ఆ రోజుల్లోనే మా నాన్నగారు ప్రతి శనివారం ఉప్పలగుప్తం నుంచి బస్సులో షాపుకి రావడం మొదలుపెట్టారు. బడిపంతులుగా రిటైరైన మనిషి. మా చర్చి సంఘంలో ఎవరైనా పోతే జ్ఞాపకార్థ కూడికలో వారి జీవిత విశేషాలు రాసి చదువుతారు. మా పెదనాన్నగారి కూడికలో ఆయన పుట్టిన ఊరు, పనిచేసిన బడి రెండూ తప్పు చదివారని నాన్నగారికి మహా కోపం. తనవి బతికుండగానే తనే చెప్పి పెడతానన్నారు. గుండె సరిగా లేదని ఆయనకు తెలుసు.

నా పక్కన స్టూలు మీద కూర్చుని, తరగతిలో డిక్టేషను చెప్పినట్టు చెప్పేవారు. ఫుల్‌స్టాపులు కూడా చెప్పేవారు. నేను తల ఎత్తకుండా కొట్టేదాన్ని. మూడో శనివారం, బదిలీల సంగతులు అయ్యాక, అదే గొంతుతో ఇలా చెప్పారు:

"నా పెద్ద కుమార్తెకు కాకినాడ కాలేజీలో సీటు వస్తే, ఆడపిల్లకు హాస్టలు ఎందుకని నేను పంపలేదు. టైపు నేర్చుకోమన్నాను. అది నేను చేసిన అన్యాయం. ఫుల్‌స్టాపు."

కొట్టాను. నాకొచ్చిన ఆ సీటు గురించి పదమూడేళ్ళుగా మా ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. నాకు ఏడుపు రాలేదు, సంతోషమూ కలగలేదు. అన్యాయం అన్న మాటలో య ఒత్తు సరిగా పడిందో లేదో చూసుకున్నాను. ఆయన టీ తాగొస్తానని లేచి వెళ్ళారు.

సేవ్ నొక్కాను. గరగర మొదలైంది. అంతలో ఫ్యాను ఆగింది, తెర నల్లబడింది. తిరిగి చూస్తే యజమాని మెట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. వీధిలో శవపేటిక వెళ్తోంది, ముందు సిలువ పట్టుకున్న మనిషి. మావాళ్ళే. డప్పు లేదు. పాటలు కూడా అంగళ్ళ వీధిలోకి రాకముందే ఆపేసినట్టున్నారు. డప్పు లేకుండా వెళ్ళే శవం సంగతి మా ఒప్పందంలో లేదు. ఆయనకు తట్టలేదంటే అర్థముంది, ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళే నాకు తట్టలేదు.

మెయిన్ వేశాక కంప్యూటరు నీలం తెర మీద, సరిగా ఆపనందుకు నన్ను మందలించి, డిస్కంతా తడుముకోవడం మొదలుపెట్టింది. అరగంట పట్టింది. నాన్నగారు తిరిగొచ్చి నా వెనక నిలబడ్డారు. శుభలేఖలతో సహా అన్నీ తిరిగొచ్చాయి. ఆ ఒక్క ఫైలూ తెరవబోతే చెడిపోయిందంది. ఈసారి పద్ధతి ప్రకారం ఆపి, నారింజ అక్షరాలు వచ్చేదాకా ఆగి, మళ్ళీ వేశాను. అదే మాట. ఫ్లాపీలో నకలు తీసి పెట్టుకోలేదు.

"తప్పయిపోయిందండీ మాస్టారూ. డప్పు వినపడలేదండి, ఒక్కసారే గుమ్మంలోకొచ్చేసేరు" అన్నారు యజమాని.

మీరు చేసింది మర్యాదేనండి అని నాన్నగారు ఆయనకే సర్దిచెప్పారు. వచ్చే శనివారం మొదటినుంచి చెబుతానని బస్సెక్కారు.

ఆ వారమంతా శుభలేఖలు కొడుతూనే ఉన్నాను, అన్నం తింటూనే ఉన్నాను. చెప్పినప్పుడు ఏమీ అనిపించని ఆ మూడు వాక్యాలు ఇప్పుడు నాకు కావాలి. అక్షరం అక్షరం గుర్తున్నాయి, నేనే కొట్టేసుకోవచ్చు. కానీ అవి ఆయన నోటినుంచి రావాలి. అన్నారని ఆయనకు గుర్తుచేసి మళ్ళీ అనిపించుకోవడం నావల్ల కాదు.

శనివారం వచ్చారు. పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, బడులు, తేదీలు, ఒక్కటీ వదలకుండా చెప్పారు. నేను వాక్యానికోసారి సేవ్ నొక్కుతూ వచ్చాను. బదిలీలు అయ్యాయి. ఆయన ఆగారు. నేను వేళ్ళు మీటల మీద పెట్టుకుని, తల ఎత్తకుండా కూర్చున్నాను. ఆయన ఒకసారి దగ్గారు. స్టూలు కొంచెం వెనక్కి జరుపుకున్నారు.

"తరవాత పేరా రాయమ్మా" అన్నారు. "రిటైరైన సంవత్సరం."

"ఆయ్" అన్నాను. ఎంటరు నొక్కాను.