క్యాసెట్‌లో లేని జవాబు

దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఉన్నాయని చెప్పడానికి ఇప్పుడు ఇది రాయడమూ లేదు. బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. పెళ్ళికి ముందు రెండేళ్ళు బడిలో సైన్సు చెప్పాను. హాస్టల్లో తోటి పిల్లలు భయపడుతూ చెప్పుకునే కథలు విని, పిల్లి అయి ఉంటుంది, పైపులో నీళ్ళ చప్పుడు అయి ఉంటుంది అంటూ వాళ్ళ సరదా చెడగొట్టేదాన్ని. మా ఇంట్లో జరిగినదానికి కూడా అలాంటి కారణం ఒకటి దొరుకుతుందని ఎనిమిది నెలలుగా వెతుకుతున్నాను. దొరకలేదు. పాప నిద్రపోయింది కాబట్టి కూర్చుని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది కోయంబత్తూరు. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ మాట్లాడేది తెలుగే. ఎన్ని తరాల కిందట ఇటు వచ్చామో ఎవరికీ సరిగా తెలియదు. మా వాళ్ళలో తెలుగు చదవడం వచ్చినవాళ్ళు తక్కువ. నాన్న ఉద్యోగం వల్ల నేను పదో తరగతి దాకా చిత్తూరులో చదివాను కాబట్టి నాకు రాయడం వచ్చింది. మా ఆయన కార్తికీ, అత్తమ్మకూ మాట మాత్రమే వచ్చు.

మా పాప పేరు నిలా. రెండున్నరేళ్ళు దాటినా ఒక్క మాట రాలేదు. అమ్మ అని కూడా అనలేదు. చెవులు పరీక్ష చేయించాం, బాగానే ఉన్నాయి. చెప్పింది అర్థమవుతుంది, కావలసింది వేలితో చూపిస్తుంది, నోరు మాత్రం తెరవదు. పక్కింటి పిల్ల నిలా కంటే నాలుగు నెలలు చిన్నది. అది గేటు పట్టుకుని దారిన పోయేవాళ్ళందరినీ పలకరిస్తుంటే నాకు లోపలికి వెళ్ళి తలుపు వేసుకోవాలనిపించేది.

మాటలు నేర్పించే ఒకావిడ దగ్గరికి తీసుకువెళ్ళాం. ఇంట్లో తెలుగు, బయట తమిళం, ఫోన్లో ఇంగ్లీషు కలిసి పాపకు గందరగోళంగా ఉండవచ్చు, కొన్నాళ్ళు ఒకే భాష పెట్టుకోండి అని ఆవిడ చెప్పింది. రేపు బడిలో పనికొచ్చేది తమిళం కాబట్టి అదే అనుకున్నాం. అనుకున్నాం అనడం సరికాదు, నేను అనుకున్నాను. ఆ రోజు నుంచి నిలా చెవిన తెలుగు మాట పడకూడదని ఇంట్లో నియమం పెట్టాను.

అత్తమ్మ ఎదురు చెప్పలేదు. "సరిమ్మా. బిడ్డకి మాట వస్తే సాలు, ఏ మాటైతే ఏమి," అన్నారు. కాసేపటికి వంటింట్లోంచి, "నన్ను నేను తిట్టుకునేది కూడా తమిళంలోనే తిట్టుకోవాల్నా?" అని అడిగారు. నవ్వాను. కానీ ఆ తరువాత ఆమె నిలాతో మాట్లాడడమే తగ్గించేశారు. తమిళం రాక కాదు. కూరగాయల బండి దగ్గర ఆమె బేరం వింటే ఎవరూ ఆమెను తెలుగావిడ అనుకోరు. పిల్లను ఒళ్ళో వేసుకుంటే మాత్రం ఆ నోటికి తమిళం వచ్చేది కాదు. అందుకని ఊరికే తల నిమురుతూ కూర్చునేవారు.

అలా నాలుగు నెలలు గడిచాక అటక మీది వీడియో క్యాసెట్లు కిందికి దిగాయి. కార్తి చిన్నప్పటివి, తొమ్మిది ఉన్నాయి. రెండింటికి బూజు పట్టింది. తేని ఊళ్ళో ఉండే మా ఆడపడుచు, అన్నీ పాడవకముందే కంప్యూటర్లోకి ఎక్కించి తనకూ ఒక కాపీ పంపమంది. వాటిలో ఎక్కువగా కనిపించేది కార్తి వాళ్ళ నాయనమ్మ. ఇప్పుడు నిలాకు అత్తమ్మ అవ్వ అయినట్టే, అప్పుడు ఇంట్లో అందరూ ఆమెను అవ్వ అనే పిలిచేవారట. నేను చూడలేదు, మా పెళ్ళికి ముందే పోయారు.

మా హాల్లో టీవీ కింద కార్తి హోమ్ థియేటర్ రిసీవర్ ఉంది. పంపుల కంపెనీలో మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు కొన్న పెద్ద నల్ల పెట్టె. టీవీ, డిష్ అన్నీ దానిలోంచే వెళ్తాయి. దాని వెనక రికార్డింగ్ కోసం వేరే సాకెట్లు ఉన్నాయి. పాత వీసీఆర్‌ను బాగుచేయించి రిసీవర్‌కి తగిలించాడు. రికార్డింగ్ సాకెట్ నుంచి ఎర్ర, తెల్ల, పసుపు వైర్లు తీసి, గాంధీపురంలో కొన్న ఒక చిన్న పరికరం ద్వారా ల్యాప్‌టాప్‌కి కలిపాడు. క్యాసెట్ ఆడుతుంటే టీవీలో చూడవచ్చు, అదే సమయంలో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కుతుంది.

ఆఫీసుకు వెళ్తూ నాకు మూడు విషయాలు చెప్పాడు. రిసీవర్‌లో ఏది ఎంచుకుంటే అదే రికార్డవుతుంది, మధ్యలో టీవీకి మార్చితే క్యాసెట్ రికార్డింగ్ తెగిపోతుంది. టీవీ శబ్దం డిజిటల్ కాబట్టి ఆ సాకెట్‌లోకి రాదు. మూడోది, స్పీకర్ల శబ్దం పూర్తిగా తగ్గించినా రికార్డింగ్‌కు ఏమీ కాదు, అది లోపల వేరే దారిలో వెళ్తుంది.

ఆ మూడోది నాకు కలిసొచ్చింది. క్యాసెట్లలో ఉన్నదంతా తెలుగే. నిలా పక్కనే ఉంటుంది. అందుకని స్పీకర్లు మూసేసి, బొమ్మ మాత్రం ఆడించేదాన్ని. అవ్వ పెదవులు కదులుతుంటే నిలా కన్నార్పకుండా చూసేది.

ఆ రోజు బుధవారం, మధ్యాహ్నం రెండున్నర దాటింది. నాలుగో క్యాసెట్ పెట్టాను. నిలా చాప మీద టీవీకి ఎదురుగా కూర్చుంది. అత్తమ్మ పక్కన కూర్చుని దానిమ్మపండు ఒలిచి, ఒక్కొక్క గింజా దాని నోట్లో పెడుతున్నారు. నేను సోఫాలో బట్టలు మడత పెడుతున్నాను. హాలులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి అత్తమ్మ, "నా సీరియల్ టైం అయ్యె. వేస్తివా?" అని అడిగారు. సీరియల్ తమిళమే కదా అని రిమోట్ తీసి టీవీకి మార్చి, శబ్దం పెంచాను. క్యాసెట్ రికార్డవుతోందన్న సంగతి మరిచిపోయాను. పదకొండు నిమిషాల తరువాత గుర్తొచ్చి ఆపాను.

మరుసటి రోజు నిలా నిద్రపోతుండగా, ఎక్కడ తెగిందో చూడడానికి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ ఫైలు విన్నాను. ఒట్టన్‌చత్రం దగ్గర వాళ్ళ పాత ఇంటి వసారా. మెట్టు మీద అవ్వ. ఒళ్ళో రెండేళ్ళ కార్తి, పిడికిలి మొత్తం నోట్లో పెట్టుకుని ఉన్నాడు.

"ఏం తింటివి సామీ?" అని అడిగింది అవ్వ. అడిగి ఆగింది.

"దానిమ్మ," అంది ఒక పిల్ల గొంతు.

"ఎవరు పెట్టిరి?"

"అవ్వ."

కార్తి చిన్నప్పటి గొంతు ఎంత ముద్దుగా ఉందో అనుకున్నాను. తరువాత వెనక్కి తిప్పి చూశాను. వాడి పిడికిలి నోట్లోనే ఉంది. పెదవులు కదలలేదు.

ఆ తరువాత అవ్వ కెమెరా వైపు వంగి, "నాతో వస్తివా?" అని అడిగింది. అక్కడ తెర నల్లబడింది. నేను టీవీకి మార్చింది సరిగ్గా అక్కడ.

సాయంత్రం అత్తమ్మను మామూలుగా అడిగినట్టు అడిగాను, కార్తికి దానిమ్మ అంటే ఇష్టమా, రెండేళ్ళకే చక్కగా చెప్తున్నాడు అని. ఆమె విచిత్రంగా చూశారు. "రెండేండ్లకా? వాడు మూడున్నరకి గాని నోరు తెరవలే. మొక్కని గుడి లేదు. నేను చెప్పలేదా నీకు?" అన్నారు. చెప్పలేదు. నేను అడగనూ లేదు. వేరే ఎప్పుడైనా అయితే ఆ మాట విని ఎగిరి గంతేసేదాన్ని. అప్పుడు మాత్రం కార్తి ఎప్పుడు వస్తాడా అని గడియారం చూశాను.

కార్తి వచ్చాక ఇద్దరం పరీక్షించాం. వీసీఆర్‌ను నేరుగా టీవీకి తగిలించి విన్నాం. అవ్వ అడుగుతుంది, ఆగుతుంది. ఆ మధ్యలో కాకి అరుపు ఉంది, గాలి ఉంది, గొంతు లేదు. "నాతో వస్తివా" తరువాత కూడా ఏమీ లేదు, కార్తి ఏడుపు అందుకుంటాడు. అదే వైర్లతో ఇంకో మూడుసార్లు రికార్డు చేశాం. రాలేదు. మొదటి ఫైలులో మాత్రం ఉంది.

ల్యాప్‌టాప్ మైకు పట్టుకుందేమో అన్నాడు కార్తి. నాకూ మొదట అదే తట్టింది. కానీ టీవీకి మార్చాక ఆ ఫైలులో పదకొండు నిమిషాలు పూర్తి నిశ్శబ్దం. హాల్లో సీరియల్ గట్టిగా మోగుతోంది. మైకు తెరిచి ఉంటే అది పడాలి, అంతకుముందు ఫ్యాను చప్పుడు పడాలి. ఏదీ లేదు. స్పీకర్లు సరిచేసుకోవడానికి రిసీవర్‌తో పాటు ఇచ్చిన చిన్న మైకు అట్టపెట్టెలోంచి బయటికి తీయనేలేదు. క్యాసెట్ మీద పాత రికార్డింగ్ ఏదైనా అడుగున ఉండిపోయిందేమో అంటే, అది మళ్ళీ మళ్ళీ వినపడాలి.

ఇవన్నీ పక్కన పెట్టినా, ఆ మధ్యాహ్నం నేనూ అత్తమ్మా నిలా పక్కనే ఉన్నాం. నిలా నోరు తెరిచింది గింజ కోసం మాత్రమే. అవ్వ ఏం అడిగిందో ఆ గదిలో ఎవరికీ వినపడలేదు. పైగా నాలుగు నెలలుగా మేము దాని ముందు ఆ పండును తమిళంలో మాదుళై అనే అంటున్నాం.

"ఎవరో పిల్ల. ఎక్కడిదో సిగ్నల్ తగులుకునింది, వదిలేయ్," అన్నాడు కార్తి. కానీ ఆ ఫైలు మళ్ళీ వినలేదు. ఆదివారం మాత్రం ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఇంటి ఎర్తింగ్ చూపించాడు.

నన్ను పీడించింది ఆ గొంతు కాదు, మూడో ప్రశ్న. మొదటి రెండింటికీ నా బిడ్డ తిన్న పండూ, పెట్టిన మనిషీ జవాబుగా వచ్చాయి. మూడోదానికి ఏం జవాబు వచ్చేదో నా చేత్తోనే తెంపేశాను. పోయిన మనిషి, "నాతో వస్తివా?" అని అడిగింది. ఊ అందా? ఆలోచించకూడదు అనుకుంటూనే ఆలోచించాను. ఆ వారంలోనే నిలాకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే, నాలుగు రోజుల్లో తగ్గింది. ఆ నాలుగు రోజులూ దాని ఛాతీ మీద చెయ్యి తీయకుండా పడుకున్నాను.

జ్వరం తగ్గిన రోజు అత్తమ్మతో, ఇక మీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడండి అన్నాను. "ఏమ్మా, తమిళం తీరిపోయెనా?" అని నవ్వి, నిలాను ఒళ్ళోకి లాక్కున్నారు. నాలుగు నెలలు దాచిపెట్టుకున్నదంతా ఒక్క పూటలో చెప్పేశారు. కారణం ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఈ రోజుకీ ఆమెకు ఆ ఫైలు సంగతి తెలియదు.

రెండు నెలల తరువాత అత్తమ్మ తేనికి, కూతురింటికి బయలుదేరారు. పొద్దున తొమ్మిదింటికి వాకిట్లో ఆటో వచ్చి ఆగింది. ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుని, హాల్లో ఆడుకుంటున్న నిలా వెనక నిలబడి, "నాతో వస్తివా సామీ?" అని అడిగారు. అదే మాట, అదే సాగదీత. మా అత్తింట్లో పిల్లల్ని అలాగే అడుగుతారు, అందులో వింత లేదు. అయినా తలుపు దగ్గర నిలబడ్డ నేను చటుక్కున నిలా వైపు చూశాను.

"రాను," అంది నిలా. "అమ్మ ఉండాది."

అత్తమ్మ బ్యాగుతో సహా సోఫాలో కూలబడ్డారు. కళ్ళనీళ్ళు కారుతుంటే, "ఓసి నీ... నాతో రాను అని చెప్పేకేనా ఇన్నాళ్ళు నోరు మూసుకొని ఉంటివి?" అన్నారు. ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆ రోజు ఆమె తేనికి వెళ్ళలేదు.

ఇప్పుడు నిలా బాగానే మాట్లాడుతోంది. తెలుగూ తమిళం కలిపేస్తుంది, మా అందరిలాగే. మాటలు నేర్పించిన ఆవిడ, కొందరు పిల్లలు ఆలస్యంగా మొదలుపెడతారు, తండ్రి కూడా అంతే కదా అంది. అది నేను ఒప్పుకుంటాను. ఆ ఫైలులోని గొంతు నిలాదే అని నాకు అనిపిస్తుంది. ఈ వయసు పిల్లల గొంతులన్నీ ఒకేలా ఉంటాయంటాడు కార్తి. అదీ ఒప్పుకుంటాను.

ఒక్క విషయం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ పొద్దున అత్తమ్మ నిలా వెనక నిలబడి అడిగారు. నిలా వెనక్కి తిరగలేదు. తల ఎత్తి, ఆపేసి ఉన్న టీవీ వైపు చూసి, అక్కడికి చెప్పింది. అత్తమ్మకు దాని ముఖం కనిపించలేదు. తలుపు దగ్గర ఉన్న నాకు కనిపించింది.

మా ఆడపడుచుకు క్యాసెట్ల కాపీలన్నీ పంపాను, ఆ ఫైలు తప్ప. రిసీవర్ వెనక ఆ మూడు వైర్లు ఇంకా అలాగే వేలాడుతున్నాయి. తీసేద్దామని చాలాసార్లు అనుకున్నాను, చెయ్యి రాలేదు. నా బిడ్డ ఆ రోజు ఎవరికి జవాబిచ్చిందో నాకు తెలియదు. రాను అంది. ఆ మాటను పట్టుకునే రోజూ నిద్రపోతున్నాను.