కల్లంగడిలో మా అక్క పెళ్ళి

మొన్న మా కోడలు లేపాక్షి చూడాలంటే తోడు వెళ్ళాను. గుడి మెట్లెక్కి దిగేసరికే నా మోకాళ్ళ పని అయిపోయింది. తిరుగుదారిలో పెనుకొండ కోట కూడా చూద్దామని ఆమె ముచ్చటపడితే, చూసిరమ్మని నేను కారు పక్కనే నిలబడిపోయాను. మా పాత ఊరు మొదలయ్యేది అక్కడే. కోట గోడలు చిన్నప్పటి నుంచి చూసినవే గనుక, నా కళ్ళు ఒకప్పుడు కల్లంగడి ఉన్న చోటును వెతుక్కున్నాయి.

మా నాయన ఆ ఊరి చర్చిలో ఉపదేశి. పాస్టరు అయ్యగారు హిందూపురం నుంచి ఎప్పుడో ఒకసారి వచ్చేవారు గనుక, ఆదివారం వాక్యం చెప్పడం, జబ్బుపడిన వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ప్రార్థన చేయడం అన్నీ నాయన పనులే. చర్చి అంటే మట్టిగోడలు, పైన బెంగుళూరు పెంకులు. దారికి అవతల, సరిగ్గా ఎదురుగా, ఈత కల్లు అమ్మే పాక. పొద్దంతా శనక్కాయ చేలలో ఒళ్ళు హూనం చేసుకున్న మా సంఘస్థులు సాయంత్రమైతే ప్రార్థనకు రావడం మాని ఆ పాకలో దూరేవారు. వాళ్ళను మందలించీ మందలించీ నాయన అలసిపోయేవాడు. అంగడాయన మా మతంవాడు కాకపోయినా మేము మామా అనే పిలిచేవాళ్ళం. నాయన మాత్రం ఆ గడప తొక్కి ఎరుగడు.

అక్క పెళ్ళి రేపనగా కుండపోతగా వాన కురిసి చర్చి కప్పు కూలిపోయింది. ధర్మవరం నుంచి మగపెళ్ళివారు అప్పటికే బయలుదేరారు. మా ఇంట్లో నలుగురు కూర్చుంటే ఐదో మనిషి వాకిట్లో నిలబడాల్సిందే. నాయన పగిలిన పెంకుల మధ్య తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు మామ గోనెపట్టా కప్పుకుని దారి దాటి వచ్చాడు.

“నా పాకలో చేసుకోండన్నా. రేపు అంగడి తెరిసేది లేదులే. ముంతలన్నీ తీసేసి అలికిస్తా.”

నాయన పాక గడప వైపు ఒకసారి చూసి, మళ్ళీ పెంకులు ఏరసాగాడు. అమ్మే కల్పించుకుంది.

“ఇంకా ఏమాలోచిస్తాండావు? యేసయ్య పుట్టింది పశువుల పాకలో కాదా? అంతకంటే గొప్పోళ్ళమా మనం?”

తెల్లవారేసరికి పాకకు మామిడాకులు కట్టి ఉన్నాయి. ఎంత అలికినా పులిసిన కల్లు వాసన పోలేదు. ఆ వాసనలోనే, హిందూపురం నుంచి వచ్చిన అయ్యగారి ముందు అక్క తల వంచుకుని ప్రమాణాలు చెప్పింది. అంతకుముందే నాయన గడప దగ్గర కాసేపు తటపటాయించి, చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ఆయన పాడిన కీర్తనలు నాకిప్పటికీ వినిపిస్తాయి. ఎన్నడూ చర్చి మొహం చూడని తాగుబోతులంతా ఆ రోజు స్నానాలు చేసి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. సంగతి పట్నంలోని సంఘ పెద్దల చెవిన పడింది. కల్లంగడిలో దేవుని పేరెత్తినవాడు ఉపదేశిగా పనికిరాడని నాయనను పనిలోంచి తీసేశారు. పెళ్ళి జరిపిన అయ్యగారు నాయన తరఫున ఎంత మొత్తుకున్నా వినలేదు. వాక్యం చెప్పిన మనిషి కూలికి పోవడం మొదలుపెట్టాడు. మామ మా వాకిట్లోకొచ్చి కుమిలిపోయాడు.

“నా వల్లే గదన్నా నీకీ గతి.”

“నీ తప్పేముందప్పా? నిలువనీడ లేనోళ్ళకు నీడనిచ్చినావు. నేను ఇన్నేండ్లు చెప్పిన వాక్యమంతా అదే గదా.”

ఆ తర్వాత పొద్దుగుంకాక నాయన మామ అరుగు మీదే కూర్చునేవాడు. చుక్క ముట్టలేదు, మందలించనూ లేదు. చేల నుంచి వచ్చిన వాళ్ళ కష్టసుఖాలు వింటూ ఉండేవాడు. ఆయన పోయినప్పుడు పెట్టెకు మొదట భుజం పట్టింది మామే.

ఇప్పుడక్కడ నల్లద్దాల తలుపులతో బారుంది. ఎదురుగా చర్చిని సిమెంటుతో ఘనంగా కట్టారు, గేటుకు తాళం వేసి ఉంది. దారిన పోతున్న కుర్రవాణ్ణి ఆపి, ఈడ కల్లంగడి ఉండేది కదా నాయనా అని అడిగాను. “ఏమో, నాకు తెలీదవ్వా,” అని వెళ్ళిపోయాడు. వాణ్ణి అని ఏం లాభం? కోటను ఏ రాజు కట్టాడో చెప్పడానికి బోర్డులున్నాయి. నాయనా, మామా, అమ్మా, చివరికి అక్కా కూడా వెళ్ళిపోయాక, ఇక్కడొక పెళ్ళి జరిగిందని చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను. చెప్పడానికి ఓపిక లేదు. అడిగేవాళ్ళు అంతకన్నా లేరు.