పేజీ అడుగున పీటలు వేసిన ఖయ్యూం

భద్రాచలం బస్టాండు ఎదురు సందులో మెహర్ డిజిటల్స్ అనే ఫ్లెక్సీల దుకాణం ఉంది. యజమాని పేరు ఖయ్యూం. మెహర్ ఆయన భార్య. పెళ్లికార్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, సంతాపం బోర్డులు, గెలిచినవాళ్లకు అభినందనలు, ఓడినవాళ్లు చెప్పుకునే కృతజ్ఞతలు, అన్నీ అక్కడే తయారవుతాయి. అలాంటి మనిషి గురించి రాయదగ్గవాళ్లు ఈ చుట్టుపక్కల ఇద్దరమే ఉన్నాం. రెండో ఆయనకు చూపు ఆనడం లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

నా గురించి రెండు ముక్కలు ముందే చెప్పడం మంచిది. చదివేవారికి ఎవరి మాట వింటున్నారో తెలియాలి కదా. నా పేరు రాంబాబు. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను, అప్పటి ఏడంటే ఇప్పటి డిగ్రీతో సమానం. మా గూడెంలో మొదటి హెవీ లైసెన్సు నాది. సర్వీసంతా ఆర్టీసీ బస్సు నడిపి ఒక్క మేకపిల్లకు కూడా దెబ్బ తగలనివ్వలేదు. డిపోలో అందరి ముందు శాలువా కప్పారు. మా గూడేనికి బస్సు వేయించింది నేను, మొదటిరోజు దాన్ని నడిపింది నేను, ఆ బస్సులో మొదటి టికెట్టు కొన్నదీ నేనే. ఇక ఖయ్యూం సంగతికి వస్తాను.

ఫ్లెక్సీ అంటే రంగులూ బొమ్మలూ అనుకుంటారు చాలామంది. కాదు. ఫ్లెక్సీ అంటే ఎవరు ఎక్కడ అన్నది. పైన పెద్దాయన ముఖం ఎంత ఉండాలి, పక్కనున్నాయన భుజం దాకా కనిపించాలా నడుం దాకానా, అడుగు వరసలో చిన్న ఫోటోల వాళ్లలో ఎడమ చివర ఎవరు అన్నది. వేలెడు తేడా వచ్చినా తెల్లారేసరికి ఫ్లెక్సీ చిరిగి ఉంటుంది. ఖయ్యూం వేసిన ఫ్లెక్సీని గాలి చింపిందేగాని మనిషి చింపలేదు. ఒకసారి మాటల్లేని అన్నదమ్ములిద్దరు తండ్రి సంతాపం బోర్డుకు వచ్చారు. ఎవరి పేరు ముందుండాలో తేలలేదు. ఖయ్యూం ఆ రెండు పేర్లనూ తండ్రి ఫోటో చుట్టూ గుండ్రంగా తిప్పి వేశాడు. ఎక్కడ మొదలుపెట్టి చదువుకుంటే వాళ్లే ముందు. ఇద్దరూ విడివిడిగా వచ్చి దండం పెట్టి వెళ్లారు.

అలాంటి దుకాణానికి పోయిన వానాకాలం ముందు, ఒక శుక్రవారం, మా గూడెం పిల్ల యశోద వచ్చింది. పట్నంలో యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నది. గోదారి వరదల గురించి మా గూడెం పెద్దలు చెప్పిన మాటలన్నీ పోగుచేసి గ్రంథం రాసింది. ఏ మాట ఎవరు చెప్పారో ఆ మాట పక్కనే బ్రాకెట్లో పేరు పెట్టింది. ఒకచోట నాగక్క, ఒకచోట సీతయ్య, ఒకచోట నేను. అంతా అయ్యాక యూనివర్సిటీ నుంచి కబురొచ్చింది. పేర్లు వాక్యాల నడుమ ఉండరాదట. అక్కడ అంకె మాత్రం వేసి, పేర్లను పేజీ అడుగున ఫుట్‌నోట్లుగా, చిన్న అక్షరాల్లో పెట్టాలట. సోమవారం సాయంత్రంలోగా అందకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు, ఇక పొడిగించరు. ఆమె లాప్‌టాప్ ఊళ్లోనే చచ్చిపోయింది. ఊరంతా అడ్మిషన్ల కాలం, ఏ జెరాక్సు షాపువాడూ తలెత్తి చూడలేదు. పెన్‌డ్రైవ్ పట్టుకుని ఖయ్యూం ముందు నిలబడ్డది.

"ఫుట్‌నోట్లు ఏసుడు వస్తదా భాయ్?"

"అంటే ఏంది?"

"కింద చిన్నగ పేర్లుంటయ్."

"దుకాణం పెట్టినకాడి సంది నేను జేసేది గదే బేటా," అన్నాడు ఖయ్యూం.

ఆయన కంప్యూటర్లో ఫ్లెక్సీలు చేసే సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఉంది. దానికి పుస్తకం అంటే తెలియదు. అందుకని యశోద గ్రంథంలోని ఒక్కో పేజీనీ ఒక్కో చిన్న ఫ్లెక్సీగా పరుచుకుని, అంకెలూ పేర్లూ చేత్తో సర్దడం మొదలుపెట్టాడు. మెహర్ రెండో కంప్యూటర్ ముందు కూర్చున్నది.

"పెండ్లికార్డులన్నీ ఆగిపోయినయ్," అన్నదామె. "ఈ పిల్ల చదువు అయిపోయేలోపు ఆ పెండ్లోళ్లకు పిల్లలు పుడతరు."

నేను అప్పుడు అక్కడే కూర్చుని ఉన్నాను. సాయంత్రం బస్సుకు గూడేనికి పోయి సంగతి అందరికీ చెప్పాను. తెలిసినవాడు చెప్పకపోతే ఎలా?

మా గూడెంలో ఒక పద్ధతి ఉంది. నలుగురిలో మాట చెప్పేటప్పుడు అది ఎవరి దగ్గర విన్నామో ఆ పేర్లు వరస ప్రకారం ముందు చెప్పాలి. పెద్దవాళ్లు ముందు, చిన్నవాళ్లు తరవాత. ఆ వరసలో తేడా వస్తే చెప్పినవాళ్లు తమ మాటను వెనక్కి తీసుకోవచ్చు. తీసుకున్నాక దాన్ని ఇంకెవరూ నోట పలకరు. మా తాతల కాలంలో ఒకాయన అలిగి తన మాట వెనక్కి తీసుకోబట్టి మా గూడెం వెనకున్న గుట్టకు ఈనాటికీ పేరు లేదు. అటు చెయ్యి చూపిస్తాం, అంతే.

శనివారం మొదటి బస్సుకే సీతయ్య, నాగక్క దిగారు, వాళ్ల వెనకే నేనూ. సీతయ్య పడవ నడిపిన మనిషి. నాగక్క ఆయనకు వదిన.

"ఏం పిల్లా, నన్ను కిందికి దించినవంట?" అన్నాడు సీతయ్య దుకాణం మెట్టెక్కుతూనే.

"నేను దించలే తాతా. యూనివర్సిటోళ్లు గట్ల రాసిండ్రు," అన్నది యశోద.

"ఇన్ని దినాలు యాడ కూసోబెట్టినవ్?"

"మాట పక్కనే, బ్రాకెట్ల."

"అటో గోడ ఇటో గోడ, మంచిగనే ఉండె. ఇప్పుడు గోడలు తీసి అడుగున ఏస్తివి. గీ చీమల్లాంటి అక్షరాలు చూసి ఈగ వాలిందనుకొని దులుపుతరు."

నాగక్క తెర దగ్గరికి వంగి చూసింది. "మా కింద ఎవరుంటరు?"

"ఎవరుండరు అవ్వా. ఆడికి కాయితం అయిపోతది."

"చూసినవా మరిదీ, మన తర్వాత ఇగ పారేసుడే." నాగక్క యశోద ముందు చెయ్యి చాపింది. "నా మాట నాకిచ్చెయ్ బిడ్డా."

యశోద ముఖం తెల్లబోయింది. నాగక్క మాట పోతే గ్రంథంలో సగం పోతుంది. ఎవరికీ చెప్పకుండా ఉంచుకుంటే యూనివర్సిటీకి తెలియదు, నిజమే. కానీ మా గూడెంలో పుట్టిన పిల్ల ఆ పని చేయదు. ఫ్లెక్సీ చుట్ట మీద కూలబడి తల పట్టుకున్నది.

 ఖయ్యూం ఆగిపోయిన పెళ్లికార్డుల్లోంచి ఒకటి తీసి నాగక్క చేతిలో పెట్టాడు.

"పైన ఏమున్నది అమ్మా?"

"దేవుడు."

"నడుమ?"

"పిల్లా పిలగాడున్నట్టున్నరు."

"కింద డ్రైవర్ సాబ్ చదువుతడు."

నేను చదివాను. ఇట్లు అని ఉంది, దాని కింద తల్లిదండ్రుల పేర్లు.

"కింద పేరు లేకుంట కార్డు వస్తే నువ్వు పెండ్లికి పోతవా?" అని అడిగాడు ఖయ్యూం.

"ఎవలు పిలిచిండ్రని పోత?"

"గదే నేను జెప్పేది. కిందున్నోళ్లే పిలిచేటోళ్లు. మీరు లేకుంటే ఈ పేజీకి ఎవ్వడు రాడు."

సీతయ్య, నాగక్క ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కార్డును అటూ ఇటూ తిప్పారు.

"అయితే మా పేర్ల మీద ఇట్లు అని ఏస్తవా?" అన్నాడు సీతయ్య.

"భాయ్, వద్దు," అన్నది యశోద కూర్చున్నచోటి నుంచే.

"ఫుట్‌నోట్ల మీద ఒక గీత ఉంటది పెద్దాయనా," అన్నాడు ఖయ్యూం. "పెద్ద చదువులోళ్ల పుస్తకాలల్ల ఆ గీతనే ఇట్లు."

ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక కోరికలు మొదలయ్యాయి. ప్రతి పేరు చివరా గారు ఉండాలి. ఏ పేజీలో అయినా నాగక్క ముందు, సీతయ్య తరవాత. తమ పేర్లు ఎలా ఉన్నాయో చదివి వినిపించమని సీతయ్య నన్ను అడిగాడు. తెర మీద ఉన్నది ఉన్నట్టు చదివాను.

"సీతయ్య. పైదే. పైదే. పైదే."

"పైదే ఎవడు?"

"నువ్వే. ఒకసారి పేరు రాసినంక మల్ల రాయరట."

"అంటే ఒక్కపాలి పేరుతోని పిలిచి, ఇగ నుంచి ఓయ్ అంటరా?"

ఖయ్యూం ఆ పైదేలన్నిటినీ తీసేసి ప్రతిచోటా సీతయ్య గారు అని వేశాడు. నేను కోరింది చాలా తక్కువ. నా పేరు, గూడెం, హెవీ లైసెన్సు, మేకపిల్ల సంగతి, బస్సు వేయించడం, శాలువా.

"శాలువా గూడనా డ్రైవర్ సాబ్?" అన్నాడు ఖయ్యూం.

"శాలువా కప్పిండ్రని తెలిస్తెనే గదా మాట మీద నమ్మకం కుదిరేది."

ఆయనకు అది సబబుగా తోచింది. ఆ పేజీలో పైన వరద గురించి నేను చెప్పిన ఒక్క వాక్యం ఉంది. అడుగున నేనున్నాను, సగం పేజీ మేర. ఇప్పటికీ చాలా అందమైన పేజీ అది.

ఆదివారం పొద్దున సీతయ్యా నాగక్కా తమ పేర్లు చూసుకోవడానికి మళ్లీ వచ్చారు. యశోద అచ్చు తీసిన పేజీలు పట్టుకుని చదవసాగింది. మొదటి పేజీలోనే ఆగిపోయింది.

"భాయ్, కింద రెండో నంబర్ ముందున్నది, ఒకటో నంబర్ తర్వాతున్నది. ఇదేంది?"

"ఒకటో నంబర్ సీతయ్య గారు. రెండో నంబర్ నాగక్క గారు. వదిన ఉండంగ మరిదిని ముందు కూసోబెట్టమంటవా?"

"అంకెలు గిట్లుంటే ఆడ తీస్కోరు భాయ్."

"అంకెలు సరిజేస్తే ఈడ ఒప్పుకోరు బేటా."

ఇద్దరూ చెప్పింది నిజమే. ఖయ్యూం చాయ్ తెప్పించి, తాగి, గ్లాసు పక్కన పెట్టి అన్నాడు. "కిందోళ్లను కదపలేం. పైన మాటలను కదుపుదాం."

ఆ మాట అందరికీ నచ్చింది. ప్రతి పేజీలో నాగక్క చెప్పినవన్నీ పైకి జరిపారు, సీతయ్య చెప్పినవన్నీ కిందికి జరిపారు. ఒకటో అంకె నాగక్కకు, రెండో అంకె సీతయ్యకు వచ్చాయి. అడుగున పేర్లు వాటంతట అవే వరసలో నిలబడ్డాయి. మెహర్ పెళ్లికార్డు ఫైలు తెరవబోతుంటే యశోద ఎనభై ఆరులో వచ్చిన వరద అధ్యాయం పైకి చదివింది.

సీతయ్య పడవ మనిషి కాబట్టి వాన, నీళ్లు రావడం ఆయన చెప్పాడు. నీళ్లు తీసినాక ఇళ్లల్లో బురద గురించి నాగక్క చెప్పింది. ఇప్పుడు మా గూడెం వాళ్లు ముందు ఇళ్లల్లో బురద ఎత్తిపోశారు. తరవాత గుట్ట మీద నుంచి దిగివచ్చారు. తరవాత గుట్ట ఎక్కారు. ఆ తరవాత నీళ్లొచ్చాయి. చివరకు పడమట ఒక చిన్న మబ్బు పట్టింది.

"మంచిదే గద," అన్నాడు ఖయ్యూం. "ముందే కడుక్కున్నరు."

యశోద నవ్వలేదు. పట్నం బస్సు సాయంత్రం. పేజీలు పక్కన పెట్టి నాగక్క ముందు నేల మీద కూర్చున్నది.

"అవ్వా, ఆ ఒక్క అధ్యాయంల సీతయ్య తాతను ముందుంచనా?"

"ఎందుకు?"

"వాన ఆయన చెప్పిండు."

"నేను జెప్పరాదా?"

"నువ్వు చెప్పలే గదా."

"నువ్వు అడగలే. ఆయన్నేమో వాన అడిగినవ్. నన్ను బురద అడిగినవ్. ఆ వాన నా మీద పడలేదా?"

 యశోద నాగక్క పాదాల దగ్గరికి జరిగి, "ఇప్పుడు అడుగుతున్న అవ్వా. చెప్పు," అన్నది.

నాగక్క చెప్పింది. నీళ్లకంటే ముందు నీళ్ల వాసన ఇంట్లోకి వచ్చిందట. చీమలు బారులు కట్టి ఉప్పుకుండలోకి ఎక్కాయట. కోళ్లు మంచం మీదికి చేరి దిగలేదట. పొయ్యిలో నిప్పు ఆరలేదు, నీళ్లు వచ్చి దాన్ని ఎత్తుకుపోయాయట. కట్టెలు మండుతూనే గడప దాటడం తాను చూసిందట. ఖయ్యూం ఆమె చెబుతుంటే నేరుగా కంప్యూటర్లో కొట్టుకుంటూ పోయాడు. నిప్పు దగ్గర ఆయన వేళ్లు ఆగాయి.

"రాయి భాయ్," అన్నది యశోద మెల్లగా.

"అయితే బురద నేను జెప్త," అన్నాడు సీతయ్య. "నాకు మాత్రం ఇల్లు లేదా? నీళ్లు తీసినంక పోయి చూస్తే మా ఇంట్ల ఎవరిదో తలుపు పడి ఉన్నది. మాది కాదు. తాళం ఏసి ఉన్నది. గోడకు ఆనిచ్చిన. ఎవరన్న తాళంచెవి పట్టుకొని వస్తరని ఇప్పటిదాంక తియ్యలే."

 తరవాత నేనూ కొన్ని విషయాలు చెబుతానన్నాను. నాకు సగం పేజీ ఇచ్చేశామన్నది యశోద.

ఇప్పుడు వాన ఇద్దరూ చెప్పారు, బురద ఇద్దరూ చెప్పారు. ప్రతి పేజీలో నాగక్క ముందు, సీతయ్య తరవాత. అంకెలు వరసలో ఉన్నాయి. వరద కూడా వానతోనే మొదలైంది. గ్రంథం లావెక్కింది. మెహర్ కుట్టు వేయించి, అట్ట అంటించి ఇచ్చింది.

యశోద వెంట నేను వెళ్లాను. ఆ బస్సు డ్రైవర్ నా దగ్గర పని నేర్చుకున్నవాడే, ముందు సీటు ఇచ్చాడు. సోమవారం యూనివర్సిటీ ఆఫీసులో ఒక సారు గ్రంథం తీసుకుని స్కేలు పెట్టి అంచులు కొలిచాడు. బ్రాకెట్ల కోసం వెతికాడు. ఒక్కటీ లేదు.

"కింద గింత జాగా ఎందుకు పట్టింది?" అన్నాడు.

"ఎవరు చెప్పిండ్రో రాసిన సార్."

"గారు ఎందుకమ్మా?"

"మా పెద్దోళ్లు సార్."

ఆయన నిబంధనల కాగితం తీసి పైనుంచి కిందిదాకా చూశాడు. గారు రాయకూడదని ఎక్కడా లేదు. మళ్లీ గ్రంథం తెరిచి, నిలబడే ఒక పేజీ చదివాడు. కూర్చుని ఇంకో పేజీ తిప్పాడు. టేబుల్ మీద చాయ్ మీగడ కట్టింది. యశోద నా చొక్కా చెయ్యి పట్టుకుని ఉంది.

"తలుపు కోసం ఎవరన్న వచ్చిండ్రా?" అన్నాడాయన తలెత్తకుండానే.

"ఇంకా రాలేదు సార్."

ఆయన ముద్ర వేసి రసీదు ఇచ్చాడు. యశోద మెట్ల మీద కూర్చుని చాలాసేపు కళ్లు తుడుచుకున్నది. ఖయ్యూంకు ఫోన్ చేసి చెప్పే పని నా మీద పడింది.

"తీసుకున్నరు భాయ్," అన్నాను.

"చేతిల తీసుకున్నడా, టేబుల్ మీద పెట్టమన్నడా?"

"చేతిల. రెండు చేతులతోని."

"అట్లనా," అన్నాడు ఖయ్యూం.  ఆయన వెనకాల ఎవరో తమ మామ ఫోటోను కొంచెం కుడికి జరపమని బతిమాలుతున్నారు. వాళ్లను ఆగమని నాకు వినిపించేలా చెప్పి, "ఎవరి పేరు ముందు చదివిండో చూసినవా డ్రైవర్ సాబ్?" అని అడిగాడు.