కోస్గికి వచ్చిన విదేశీ సైన్యం

ఆ రోజుల్లో మాకు కరువు కొత్త కాదు, విదేశీ సైన్యమే కొత్త. తెలంగాణ వచ్చిన తొలి వేసవుల్లో ఒకసారి కోస్గి అవతలి రాళ్ల బీడులో సినిమా వాళ్లు దిగారు. ఏదో దేశంలో ఆడిన సినిమానే మళ్లీ తీస్తున్నారు. శత్రువులు మన మీద దండెత్తి, ఢిల్లీని, బొంబాయిని వదిలేసి నేరుగా ఒక మారుమూల పల్లెను పట్టుకుంటారు. హీరో ఒక్కడే అందర్నీ చంపేస్తాడు. నేనప్పుడు ఒక దినపత్రికకు మండల విలేకరిని. జీతం లేదు గనక (గౌరవం మాత్రం బోలెడు) ఆ సినిమాలో కిరాయి శత్రువుగా కూడా చేరాను. కథ చెబితే మా చిన్నాయిన చేతికర్ర మీద గడ్డం ఆనించి విని, "మనమే బతకనీకి బొంబాయి పోతున్నం. గాళ్లేందిర, గింత దూరమొచ్చి మన రాళ్లు ఎత్తుకపోతరా?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. గొర్లకు నీళ్లిచ్చే బోరు ఎండిపోయి, అప్పటికే మందలో రోజుకొకటి పడిపోతోంది. ఆయనకున్నదల్లా ఆ మందే.

ఆఖరి పోరాటం వానలో పెట్టారు. (అసలు సినిమాలో వాన ఉందట, మరి తప్పుతుందా!) చుక్క నీరు దొరకని బీడులో ట్యాంకర్లు బారులు తీరాయి. పైపుల్లోంచి వాన మొదలైంది. మేం ఇనుప టోపీలు, చెక్క తుపాకులతో హీరో మీదికి ఉరుకుతుంటే, నీటి వాసన పట్టిన మంద గుట్ట వెనక నుంచి మా మధ్యకు దూసుకొచ్చింది. వెనకాలే ఒగరుస్తూ చిన్నాయిన. మళ్లించడానికి వచ్చాడనుకున్నాను. ఆయన నిలబడి, జీవాలు నీళ్లు తాగేటప్పుడు మా దగ్గర వేసే సన్నని ఈల వేశాడు. శత్రుసైన్యంలో అందరమూ గొర్లు కాసే ఇళ్ల వాళ్లమే. ఆ ఈల వింటే మా చేతులు ఊరుకోవు. తుపాకులు పడేసి, బురదలో మోకాళ్ల మీద కూర్చుని, టోపీల్లో వాన పట్టి గొర్ల మూతుల ముందు పెట్టాం. "కట్! శత్రువులు లేవండ్రా!" అని డైరెక్టర్ మైకులో అరుస్తున్నాడు. ఎవర్ని కాల్చాలో తెలియక హీరో తుపాకి ఎత్తి అలాగే నిలబడిపోయాడు. "జర ఆగు బిడ్డా, తాగినంక సంపుదువు," అన్నాడు చిన్నాయిన.

మమ్మల్ని ఆ పూటే వెళ్లగొట్టారు. ఆ నీళ్లు ఆ పూటకే. అసలు వానలు పడేసరికి మందలో సగం మిగల్లేదు.

సినిమా వచ్చాక చిన్నాయినను తీసుకెళ్లాను. మేం మోకాళ్ల మీద కూర్చున్న ముక్కను శత్రువుల లొంగుబాటు కింద వాడుకున్నారు. గొర్లు ఎందుకొచ్చాయో సినిమాలో ఎవరూ అడగలేదు. హాలంతా ఒకటే నవ్వు. చిన్నాయిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అగో, మన బొల్లిది! ఎట్ల తాగుతాందో సూడు." బొల్లి గొర్రె పోయి అప్పటికి చాలా కాలమైంది. బయటికొచ్చాక, "ఇంకో ఆటకు పోదమా? అది కనిపించేదాకనే కూసుందం," అన్నాడు. వెళ్లాం.

ఆ సినిమా ఇప్పటికీ టీవీలో వస్తుంటుంది. బురదలో టోపీ పట్టుకుని కూర్చున్న ఆ బక్క విదేశీ సైనికుణ్ణి (నన్నే) చూసి నవ్వుకుంటాను. వాడి ముందు తల వంచి తాగుతున్న బొల్లిదాన్ని చూస్తూ చానల్ మాత్రం మార్చలేను.