హాలండు పుట్టినరోజు, పాకాల ప్యాసింజరు

మా మిద్దె మీద గదిలో అద్దెకున్న హాలండు మనిషి యాన్ ఒక సోమవారం మెట్లు దిగి వచ్చి, "వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నర నుంచి సాయంత్రం ఏడు దాకా మీకు తీరికేనా?" అని అడిగాడు. పక్కింటి మనిషితో మాట్లాడటానికి కూడా ముందుగా టైము తీసుకునే రకం. భార్య పోయి మూడేళ్ళయిన, పిల్లలు లేని బడిపంతులికి ఆదివారం ఏం పని ఉంటుంది? తీరికే అన్నాను.

చిత్తూరు దగ్గర ఒక పాలకేంద్రంలో యంత్రాలు బిగించడానికి వచ్చాడతను. నేనేమో హాలండంటే గాలిమరలు, కొయ్యబూట్లు, సముద్రం కంటే పల్లంలో ఉండే నేల అని ఏళ్ళ తరబడి పాఠం చెప్పినవాణ్ణి. "కొయ్యబూట్లు మా మామ ఒక్కడే వేసుకుంటాడు, అదీ ఆవుల కొట్టంలో" అని తేల్చేశాడు. ఒకసారి కాఫీకి పిలిచి, డబ్బాలోంచి ఒక్క బిస్కెట్టు ఇచ్చి మూత పెట్టేశాడు. బలవంతం చేస్తాడేమోనని నేను కాసేపు చూశాను కూడా.

ఆదివారం ఏడు గంటల ప్యాసింజరుకు తిరుపతి టిక్కెట్లు రెండూ తనే తీశాడు. ఎవరి టీకి వాళ్ళే అనే మనిషి ఇలా చేసేసరికి ఆశ్చర్యపోయాను.

"ఇవాళ నా పుట్టినరోజు. మా దేశంలో పుట్టినవాడే అందరికీ పెట్టాలి. ఇంగ్లీషువాళ్ళు మమ్మల్ని పిసినారులంటారు. మా పుట్టినరోజులకి వాళ్ళు రాలేదు మరి" అన్నాడు. ఒళ్ళో మైసూరుపాకు పెట్టె ఉంది.

పాకాలలో ఇంజను నీళ్ళు పట్టుకుంటుంటే ఇడ్లీలు తిన్నాం. అక్కడే మునెమ్మ పూలబుట్టతో ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. తిరుచానూరు గుడి ముందర పూలమ్మే మనిషి, నాకు పాత పరిచయమే. యాన్ ఆమెకి మైసూరుపాకు ఇచ్చాడు.

"ఏం విశేషం అయివోరా? దొర పెండ్లా?" అంది నాతో.

పుట్టినరోజన్నాను. ఆ మాట పట్టుకుని యాన్ కిటికీలోంచి చూస్తూ చెప్పుకుపోయాడు. వాళ్ళ ఇళ్ళలో పుట్టినవాడి కుర్చీకి దండలు కడతారట. వచ్చినవాళ్ళు వాడొక్కడికే కాదు, వాళ్ళమ్మకీ, అన్నకీ, ఇంట్లో ఉన్న ప్రతివాళ్ళకీ వరసగా చెయ్యి కలిపి అభినందనలు చెబుతారట. చుట్టుపక్కల దేశాలవాళ్ళు దీన్ని చూసి నవ్వుతారట. "మా అమ్మ నిరుడు చలికాలంలో పోయింది. నా తరఫున అభినందనలు అందుకునే మనిషి ఇక లేదు. ఈ రోజు ఆ గదిలో ఒక్కణ్ణే కూర్చోలేననిపించింది, అందుకే మిమ్మల్ని పిలిచాను."

మునెమ్మకి తెలుగులో చెప్పాను. "నవ్వేదానికి ఏముండాది? బిడ్డ పుడితే కష్టమంతా అమ్మదే గదా. ఆమెకి సెప్పల్లనే సెప్పల్ల" అంది.

పది దాటాక తిరుపతిలో దిగాం. టిఫిను హోటల్లో యాన్ నేరుగా ఓనరు దగ్గరికి పోయి, సాంబారులో ఉప్పెక్కువైందని నన్ను చెప్పమన్నాడు. "చాలా బాగుందంటున్నాడు" అన్నాను. ఓనరు మురిసిపోవడం చూసి, "మీరు చెప్పలేదు" అన్నాడు యాన్.

తిరుచానూరు బస్సెక్కి మధ్యాహ్నానికి గుడి చేరాం. అతను బయట అరుగు మీద కూర్చున్నాడు. నేను అమ్మవారిని చూసి వచ్చేసరికి, గుండ్లు కొట్టించుకుని గుంపులు గుంపులుగా పోతున్న సంసారాలను అలాగే చూస్తున్నాడు. పక్కన కూర్చుని, ఇక్కడికి నేనూ నా భార్యా కలిసి వచ్చేవాళ్ళమన్నాను.

"ఆమె పుట్టినరోజు ఎప్పుడు?"

"తెలియదు. వేరుశెనక్కాయలు పీకే కాలంలో పుట్టిందని వాళ్ళమ్మ చెప్పేది."

"ఎలా పోయింది? ఇప్పుడు ఇంట్లో మీకెలా ఉంటుంది?"

చివుక్కుమంది. కానీ ఈ మూడేళ్ళలో, నేను నొచ్చుకుంటానని, ఆ మాట నన్ను సూటిగా అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. నీడ తిరిగేదాకా ఆమె గురించి చెబుతూనే ఉన్నాను. అతను ఓదార్చలేదు, విన్నాడు.

సాయంత్రం నాలుగు గంటల బండికి తిరుగు ప్రయాణం. మునెమ్మ ఖాళీ బుట్టతో మమ్మల్ని వెతుక్కుంటూ మా పెట్టెలోకే వచ్చింది. బుట్ట అడుగున దాచిన రెండు మూరల కనకాంబరాలు తీసి, యాన్ కూర్చున్న పక్కన కిటికీ కమ్ములకు కట్టింది. అతనికి దండం పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నీకూ శుభం అయివోరా. మీవోడు పుట్టిన దినం."

"నాకెందుకు మునెమ్మా?"

"ఇంకెవురికి సెప్పల్ల? పొద్దన్నుంచీ ఆ యప్ప తోడుండేది నువ్వే గదా."

ఏమందని యాన్ అడిగాడు. సాంబారు విషయంలో మార్చినట్టు ఈసారి మార్చలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను చెయ్యి చాపి, వాళ్ళ దేశపు పద్ధతిలో నాకు అభినందనలు చెప్పాడు. పాకాలలో మునెమ్మ దిగిపోయింది.

ఆ దారిలో ఎవరైనా వెళితే కిటికీ పక్క చోటు పట్టుకోండి, చంద్రగిరి కోట బాగా కనబడుతుంది. వచ్చేటప్పుడు నేను మాత్రం కోట చూడలేదు, గాలికి ఊగుతున్న ఆ పూలనే చూశాను.

ఇల్లు చేరేసరికి ఏడు దాటింది. యాన్ తీసుకున్న టైము అయిపోయింది, మంచిదని చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. తాళం తీసి లోపలికి పోతే, నాకూ ఒకరి తరఫున శుభం చెప్పారని ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఇంట్లో ఎవరున్నారు వినడానికి? పైన గదిలో దీపం వెలిగింది. టైము తీసుకోకుండానే మెట్లెక్కాను.