మా తోటలో పడ్డ ఉల్క

నిన్న సాయంత్రం ఓడలరేవు గ్యాసు ప్లాంటు వైపు ఆకాశంలో ఆకుపచ్చ వెలుగొకటి జారిపోవడం మా పెదనాన్నగారు చూసేరు. "గ్యాసు మంటయ్యుంటుందండీ" అని ఊరంతా తేల్చేసింది. పాపం, ఆయన మొహం చిన్నబోయింది.

పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని కొబ్బరితోటంతా వెతికేరు. మా ఒండ్రునేలలో గులకరాయి కూడా దొరకదు కదా, నీళ్లు పారే బోదెలో బురద పట్టిన నల్లరాయి కనిపించేసరికి ఇద్దరం ఉల్కే అనుకున్నాం. తువ్వాల్లో చుట్టి మరీ ఇంటికి తెచ్చేరు.

పెద్దమ్మ కడిగి చూసి, "గేదె గుంజ దిగ్గొట్టడానికి మీరు పట్టుకెళ్లిన నా రుబ్బురోలు పొత్రం దొరికిందాండీ?" అంది.

"ఆయ్" అన్నారు, నేల చూస్తూ.

పెద్దమ్మ ఆయన్నోసారి చూసి, "వెలుగు నిజమే లెండి. లేకపోతే ఇది దొరికేదా?" అంది.

నిన్న ఆ వెలుగు చూసినవాళ్లెవరైనా ఉంటే ఒక్క మాట రాయండి, పెదనాన్నగారికి చదివి వినిపిస్తాను. గ్యాసనేవాళ్లకి మాత్రం ఈ పొత్రంతో నూరిన పచ్చడి పెట్టం.